మహాసభలలో సంగీతము: మరునాటికి మిగులునదేమి?

మన పాఠశాలలో ఒక గాయకబృందమును, దానికి తోడుగా ఒక చిన్న ఇత్తడి వాద్యబృందమును ఏర్పరుపవలెనని కొందరు తలిదండ్రులు కోరుచున్నారు. అట్టిది చదువునకు ఆటంకమగునని మరికొందరు శంకించుచున్నారు. ఈ రెండు పక్షములవారును మాకు ఆప్తులే. కావున మా అభిప్రాయమును దాపరికము లేక ఈ సంచికలో తెలుపుట మా విధి యని తలంచితిమి. వాదమునకు ముందు మేము కన్నులార చూచి చెవులార వినిన యొక సాయంకాలపు వృత్తాంతమును చెప్పుట మంచిది. ఏలయన మా అభిప్రాయము ఆ సాయంకాలముననే పుట్టినది.

కొన్ని సంవత్సరముల క్రిందట క్రైస్తవ విద్యాలయముల ఉపాధ్యాయుల మహాసభ యొకటి దూరపు పట్టణమున జరిగెను. చిత్తూరు తిరుపతి ప్రాంతములనుండి మేము నలుగురము ప్రతినిధులముగా పోయితిమి. రెండవనాటి సాయంకాలము ప్రతినిధుల గౌరవార్థము అచ్చటి పురాతన కథీడ్రలులో సంగీతసభ జరుగునని ప్రకటించిరి. పగలంతయు తీర్మానములను, వానిపై సవరణలను, ఆ సవరణలపై మరల సవరణలను విని తల దిమ్మెక్కియున్న మేము, నిజము చెప్పవలెనన్న, కొంచెము కునుకు తీయవచ్చునను ఆశతోనే వెనుకబల్లపై కూర్చుంటిమి. లోపల ఎత్తైన స్తంభములును, నునుపైన సున్నపు గోడలును, వానిపై పూర్వుల జ్ఞాపకార్థము చెక్కించిన పాలరాతి పలకలును ఉండెను. బల్ల యెదుట 40 మంది గాయకులు నిలిచిరి. వారి కుడిప్రక్కను 12 మంది వాద్యగాండ్రు కూర్చుండిరి. ట్రంపెట్లు, ట్రంబోనులు, యుఫోనియము, అన్నిటికంటె పెద్దదగు ట్యూబా దీపముల వెలుతురునకు బంగారమువలె మెరయుచుండెను.

మొదటి స్వరము లేచినతోడనే మా నిద్ర పారిపోయెను. ఇత్తడి వాద్యము లన్నియు నొక్కుమ్మడి పలుకగా ఆ ధ్వని చెవులకు మాత్రమే గాక, మేము కూర్చున్న బల్లకును, మా రొమ్ము ఎముకలకును తగిలెను. పిమ్మట వాద్యములు ఊరకుండెను. గాయకులు మిక్కిలి మెల్లగా నందుకొనిరి. పాట ముగిసినను నాయకుడు చేయి దింపలేదు. కప్పుక్రింద తిరుగుచున్న కడపటి స్వరము తనంతట తాను అణగిపోవువరకు ఆయన వేచియుండెను. అందరును ఊపిరి బిగబట్టిరి. పగటి సభలో అధ్యక్షుని గంట సాధింపలేని నిశ్శబ్దమును ఆ యొక్క చేయి సాధించెను.

నాలుగు స్వరముల గానమును గూర్చి మన విద్యార్థులకు ఒక్కమాట చెప్పవలెను. మన కీర్తనలలో అందరును ఒక్క వరుసనే పాడుదురు. ఆ గానములో సోప్రానో, ఆల్టో, టెనరు, బాసు అను నాలుగు వరుసలు ఏకకాలమున నడచును. ఆల్టో పాడువానికి పాటయొక్క ముఖ్యమైన వరుస దక్కదు. వాని భాగమును విడిగా పాడిన అది పాటవలెనే యుండదు. అయినను వాడు తప్పిన నలుగురును చెడుదురు. తన స్వరమును విడువకయు, ఇతరుల స్వరమును వినకుండకయు నుండుట యిందలి రహస్యము. పగలు నలుగురు నాలుగు మాటలాడగా మాకు విసుగు పుట్టెను; రాత్రి నలుగురు నాలుగు స్వరములు పలుకగా ఆనందము కలిగెను. పాడువారు ఒకరినొకరు వినుచుండిరి. మేము పగలు విననైతిమి. భేదమంతయు అంతియే. ఈ యొక్క పాఠముకొరకైనను పాఠశాలలో గాయకబృందము ఉండదగును.

మందిరముకూడ నొక వాద్యమే. అట్టి పెద్ద కట్టడములలో ధ్వని గోడలకు తగిలి మరలివచ్చి కొన్ని క్షణములు నిలుచును. త్వరగా పాడిన మాటలు ఒకదానిపై నొకటి పడి గందరగోళమగును. అందుచేత అచ్చట మెల్లగా, స్పష్టముగా పాడవలెను. ఇత్తడి వాద్యములను గాయకుల కంఠములను మ్రింగకుండునట్లు అదుపులో నుంచవలెను. వెనిసు నగరమందలి సెంటు మార్కు దేవాలయములో గాయకులను, వాద్యగాండ్రను ఎదురెదురు మేడలపై నిలిపి ప్రశ్నోత్తరములవలె పాడించు మర్యాద యుండెను. జొవాన్ని గాబ్రియేలి అను సంగీతకర్త 1597వ సంవత్సరమున ప్రకటించిన కృతులు అట్టి కట్టడమునకు తగినట్లు కూర్పబడినవి. అంతకు బహుకాలము పూర్వమే సొలొమోను దేవాలయ ప్రతిష్ఠయందు 120 మంది యాజకుల బూరలును గాయకుల కంఠములును ఒక్క ధ్వనిగా కలిసెనని దినవృత్తాంతముల గ్రంథమున చదువుచున్నాము. కావున దేవాలయములో ఇత్తడి వాద్యమేమని అడుగువారు ముందుగా ఆ అధ్యాయమును తెరచి చూతురు గాక.

ఇంతవరకు చెప్పినది మేలు. ఇక కొరత చెప్పవలెను.

చక్కని కాగితముపై అచ్చువేసిన కార్యక్రమ పత్రిక మా చేతికిచ్చిరి. అందు సంగీతకర్తల పేర్లుండెను, నాయకుని పేరుండెను, అధ్యక్షులు, ముఖ్య అతిథులు, వందన సమర్పణ చేయువారు, అందరి పేర్లును ఉండెను. గాయకుల పేర్లు చిన్న అక్షరములలోనైనను ఉండెను. వాద్యగాండ్రకు మాత్రము 'బ్యాండు' అను ఒక్క మాటయే దక్కెను. ముందు బల్లలన్నియు ప్రతినిధులకు కేటాయింపబడెను. ఆ దేవాలయమున ప్రతి ఆదివారము కూర్చుండు సంఘస్థులలో పెక్కుమంది ద్వారముల వెలుపల నిలిచిరి. కార్యక్రమము చివరను ఒక తెలుగు కీర్తన వ్రాయబడియుండెను. అప్పటికే ఆలస్యమైనందున దానిలో రెండు చరణములు మాత్రము త్వరత్వరగా పాడిరి. బస్సులు సిద్ధముగా నున్నవని ఎవరో చెప్పగా, ప్రతినిధులు లేచుచుండగనే అది ముగిసెను. వెలుపల నిలిచినవారు కంఠమెత్తి కలిసి పాడిన పాట ఆ సాయంకాలమున అది యొక్కటే.

బయట చెట్టుక్రింద వాద్యములకు గుడ్డ చుట్టుచున్న యొక పెద్దమనిషిని పలుకరించితిమి. ఆయన ఆ వాద్యబృందమునకు పెద్ద. పెండ్లిండ్ల కాలమున ఊరేగింపులలో వాయించుటయు, తక్కిన కాలమున కూలిపనియు ఆయన జీవనము. ట్రంపెట్టు వాయించిన బాలుడు ఆయన మేనల్లుడు. మేము వాని నేర్పును మెచ్చుకొనగా ఆయన సంతోషించి, పిమ్మట కార్యక్రమ పత్రికను మాకు చూపి మెల్లగా నిట్లనెను: "అయ్యవారూ, మావాని పేరు ఇందులో ఎక్కడున్నదో కొంచెము చూడండి. మా చెల్లెలికి చదువు రాదు. అయినా, ఇదిగో నీ కొడుకు పేరని వేలు పెట్టి చూపిద్దామనుకొంటిని."

మేము ఆ కాగితమును రెండువైపులను త్రిప్పి చూచితిమి. ఏమి చెప్పుటకును తోచలేదు. మా సంచిలో అట్టి పత్రికలు మూడుండెను. ఆ రాత్రి బసలో కూర్చుండి పత్రికపై ఆ బాలుని పేరు మేమే సిరాతో వ్రాసి మరునాడు ఆయనకిచ్చితిమి. అది అచ్చు కాదని ఆయనకును తెలియును, మాకును తెలియును.

ఇది ఒక్క సభవారి దోషమని మేము చెప్పుటలేదు. మన మందరమును చేయుచున్న దోషమే. తోలువాద్యము వాయించువారిని ఊరికి వెలుపల నుంచి, ఆ వాద్యము లేక ఊరిపండుగను జరుపుకొనలేని దేశము మనది. సువార్తను స్వీకరించిన కుటుంబములలో పెక్కు ఆ డప్పును అవమానచిహ్నముగా నెంచి విడిచిపెట్టినవి. అందుకు వారిని తప్పుపట్టజాలము. అయితే వారి మనుమలు ఇత్తడి వాద్యమును చేపట్టినప్పుడు, వాద్యము మారినది గాని చూపు మారలేదు. వాయించువానిని వినుదుము, పేరడుగము. పెండ్లిపందిటిలో జరుగు ఈ యన్యాయము దేవాలయములోను జరిగినయెడల, మనము ఆ గోడలమధ్య చేయు ప్రసంగములకు విలువ యేమి?

సంగీతసభ నడుపుటయే తప్పని దీనినిబట్టి కొందరనవచ్చును. మే మట్లనము. 1742వ సంవత్సరము ఏప్రిలు 13వ తేదీన డబ్లిను నగరమున హాండెలు రచించిన 'మెస్సయా' మొదటిసారి వినిపింపబడినప్పుడు ఆ నగరమందలి రెండు కథీడ్రళ్ల గాయకులు కలిసి పాడిరి. వచ్చిన ధనము ఋణములకై చెరసాలలో నున్నవారి విడుదలకును, రెండు వైద్యశాలలకును పంచబడెను. స్థలము చాలదని స్త్రీలు వలయములు గల వెడల్పు పావడలు లేకయు, పురుషులు ఖడ్గములు లేకయు రావలెనని ముందుగా వేడుకొనిరి. శ్రోతలు కొంచెము ఒదిగి కూర్చుండి మరికొందరికి చోటిచ్చిరి. పాట ముగిసిన మరునాడు చెరసాల తలుపు కొందరికి తెరువబడుటకు మార్గమేర్పడెను. సంగీతసభకు ఇదియే కొలబద్ద యని మా యభిప్రాయము. అతిథులు వెళ్లిన మరునాడు ఆ ఊరిలో మిగిలిన దేమి? ఏమియు మిగులనియెడల అది వేడుక మాత్రమే.

ఈ కొలబద్దను మన ప్రాంతమునకు పెట్టి చూతము. 1947వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన చెన్నపట్టణమందలి సెంటు జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ప్రారంభింపబడెను. 1816లో ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయమున ఆంగ్లికనులు, మెథడిస్టులు, అంతకుముందే 1908లో ఏర్పడిన దక్షిణ ఇండియా ఐక్యసంఘమువారు ఏకమైరి. 1853లో ఆరంభమైన ఆర్కాటు మిషను కృషిఫలముగా చిత్తూరు, మదనపల్లి ప్రాంతములలో వెలసిన సంఘములును ఆ యైక్యములో చేరినవే. తిరుపతి వైపున 1865లో జర్మనీ దేశపు హెర్మన్సుబర్గు మిషనువారు ప్రారంభించిన పనినుండి వెలసిన లూథరను సంఘము వేరుగా నిలిచినది. ఒక్క సీమలోనే యిట్లు రెండు పాయలున్నవి. ఒప్పందములు, తీర్మానములు రెండు పాయలను ఎంతవరకు కలుపునో పెద్దలకు తెలియును. పాట మాత్రము ఇదివరకే కలిపినది. పురుషోత్తము చౌదరిగారు 1803లో జన్మించి 1890లో గతించిన భక్తకవి. ఆయన కీర్తనలను ఈ పాయవారును పాడుచున్నారు, ఆ పాయవారును పాడుచున్నారు. ఎవరి పాట ఎవరిదని అడుగువారు లేరు.

అయితే ఆ పాటల స్థితి యేమి? మన కీర్తనల పుస్తకమున పాటకు పైన రాగమును తాళమును వ్రాయుదురు, స్వరము వ్రాయరు. వరుస పెద్దల నోటనుండి పిన్నల చెవికి వచ్చుచున్నది. ఊరికొక విధముగా మారుచున్నది. కొన్ని పాత వరుసలు గ్రామములలోని ముసలమ్మల నోటనే యున్నవి. ఈ విషయమున మన సీమలోనే ఒక హెచ్చరిక యున్నది. 1408 మొదలు 1503 వరకు జీవించిన తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమలలో భద్రపరుపబడినవి. అవి 1922లో మరల వెలుగునకు వచ్చినవి. వేలకొలది పాటల సాహిత్యము దక్కినది, రేకులపై రాగముల పేర్లును దక్కినవి, వరుసలు దక్కలేదు. ఈ నాడు మనము వినువానిలో చాల వరుసలు ఈ కాలపు విద్వాంసులు కూర్చినవే. మతము వేరైనను ఆ నష్టము తెలుగువా రందరిదియు. రాగిమీద చెక్కిన పాటకే అట్లయిన, కాగితముమీదనైన లేని మన వరుసలగతి యేమి?

దీనికి ప్రతిగా ఒక శుభోదాహరణమును మన సీమలోనే కలదు. 1919వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున రవీంద్రనాథ ఠాకూరుగారు మదనపల్లి థియొసాఫికలు కళాశాలలో అతిథిగా నుండి తాము రచించిన 'జన గణ మన' గీతమును వినిపించిరి. అచ్చటనే దానిని ఆంగ్లములోనికి అనువదించిరి. ఆ కళాశాలలో మార్గరెటు కజిన్సు అను సంగీతజ్ఞురాలు ఉండుటచేత దాని స్వరములు వ్రాతలో నిలిచినవి. అతిథి వెళ్లిపోయెను, పాట నిలిచెను. ఒక విద్యాలయములో స్వరము వ్రాయనేర్చినవా రొకరుండుట ఎంత మేలో గ్రహింతురు గాక.

ఇక ఆక్షేపణలు. ఇత్తడి వాద్యము పరదేశపుది, మన రాగములకు తగదు అందురు. ముత్తుస్వామి దీక్షితులవారు చెన్నపట్టణపు కోటలోని ఆంగ్లేయుల బ్యాండు వరుసలను విని, వానికి సంస్కృత సాహిత్యమును కూర్చిరి. 'నోట్టు స్వరములు' అను పేర అవి నేటికిని పిల్లలకు నేర్పబడుచున్నవి. ఆయన తమ్ములు బాలుస్వామి దీక్షితులవారు యూరపువారి ఫిడేలును నేర్చి మన సంగీతమునకు అలవరచిరి. నేడు ఫిడేలు లేని కచేరి అరుదు. వాద్యము ఎచ్చట పుట్టినదని కాదు, దానికొరకు ఎవరు శ్రమించిరని చూడవలెను. అయితే ఆక్షేపణలో కొంత సత్యమున్నది. మూడు మీటలుగల వాద్యమున స్వరము మెట్లుమెట్లుగా నడచును. గమకము సులభముగా పలుకదు. నాలుగు వరుసల కూర్పును ప్రతి రాగమునకు తగిలించిన, రాగములో లేని స్వరము చొరబడి రూపు చెడును. కావున శంకరాభరణమువంటి రాగములోని కీర్తనలకు వాద్యములు పూర్తిగా తోడగును. తక్కినవానికి యుఫోనియము, ట్యూబా మెత్తగా షడ్జ పంచమములను పట్టి తంబురవలె శ్రుతి నిచ్చిన చాలును. ఆ శ్రుతిపై మన వరుసను మన కంఠములే పాడవలెను.

చదువునకు ఆటంక మందురు. వారమునకు మూడు దినములు, బడి విడిచిన పిమ్మట అరగంట, ఇంతకంటె మేము కోరము. స్వరము చదువుటకు లెక్క కావలెను. తాళము పట్టుటకు భిన్నములు కావలెను. ఊపిరి నిలుపుటకు ఆరోగ్యము కావలెను. ఇత్తడి గొట్టము వేడెక్కినకొలది స్వరము హెచ్చునని, అందుచేతనే వాయించుటకు ముందు ఊపిరితో దానిని వెచ్చజేయుదురని తెలిసికొన్న బాలుడు శబ్దశాస్త్రమును పుస్తకములేకయే కొంత చదివినవాడు. వ్యయ మధికమందురు. నిజమే. ఒక్కసారిగా 12 వాద్యములు కొననక్కర లేదు. నాలుగు వాద్యములతో నాలుగు వరుసలు పలుకును. ముందు కంఠములు సిద్ధమైన పిమ్మటనే ఇత్తడి కొనవలెను.

ఇంకొక తండ్రి మాతో, "మావాడు బ్యాండు పట్టుకొంటే నలుగురు ఏమనుకొంటారండి?" అనెను. ఆయన శంక మాకు తెలియును. అందలి బాధయు తెలియును. మేము మర్యాదగా ఇచ్చు ప్రత్యుత్తర మిది: నలుగురును అనుకొనుట మానువరకు మనము వేచియుండరాదు. ఉపాధ్యాయుని కుమారుడును, కూలివాని కుమారుడును ఒకే వరుసలో కూర్చుండి వాయించునాడు, అనుకొనువారు తమంతట తామే మానుదురు.

కావున మా పాఠశాల పెద్దల యెదుట మేముంచు కోరికలు ఇవి. మొదటిది, గాయకబృందమును ఈ సంవత్సరమే ఆరంభింపవలెను. వాద్యములు క్రమముగా సమకూర్చవలెను. రెండవది, ఊరిలో బ్యాండు వాయించు నిపుణులలో ఒకరిని గురువుగా పిలిచి, తక్కిన గురువులకువలెనే కుర్చీయు, జీతమును, గౌరవమును ఇయ్యవలెను. మూడవది, వేసవి సెలవులలో ప్రతి విద్యార్థియు తన ఊరి పెద్దలనుండి ఒక పాత కీర్తన వరుసను నేర్చుకొని రావలెను; దాని స్వరములను, పాడినవారి పేరును ఊరి పేరును ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. నాలుగవది, వార్షికోత్సవమున ఎంత గొప్ప అతిథి వచ్చినను తెలుగు కీర్తన మొదట నుండవలెను. సభ అంతయు, వెలుపల నిలిచినవారితోసహా, దానిని పూర్తిగా పాడవలెను. అయిదవది, కార్యక్రమ పత్రికలో పాడిన ప్రతి పిల్లవాని పేరును, వాయించిన ప్రతివాని పేరును అచ్చుపడవలెను. కాగితము చాలకున్న అధ్యక్షోపన్యాసపు సారాంశమును తగ్గింతురు గాక.

దోర్నకలులో 1939వ సంవత్సరము జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన కథీడ్రలునందు అజరయ్య బిషప్పుగారు ఈ దేశపు శిల్పరీతులను క్రైస్తవ మందిరములో కూర్చిరి. రాతిలో ఆయన చేసినదానిని పాటలో మనము చేయగలము. మనకు మహామందిరము లేదు. రేకుల కప్పుగల ప్రార్థనశాల యున్నది. వాన కురిసిననాడు అందులో ఉపన్యాసము వినబడదు, పాట వినబడును.

విద్యార్థులారా, ఒకనాడు మీరును ఏదో యొక మహాసభకు ప్రతినిధులుగా పోవుదురు. ముందు బల్లపై కూర్చుండి సంగీతము విందురు. విన్న పిమ్మట చప్పట్లు చరచి బస్సు ఎక్కకుడు. వాద్యములకు గుడ్డ చుట్టుచున్నవారియొద్దకు పోయి పేరడుగుడు. వ్రాసికొనుడు. మేము ఆ రాత్రి వ్రాసిన పేరు మాకు నేటికిని జ్ఞాపకమున్నది. ఆ సభలో జరిగిన తీర్మానములలో ఒక్కటియు జ్ఞాపకము లేదు.